నీమోనా, ఇన్‌క్రెడిబుల్సా, జూటోపియానా: వాడుక ఇంగ్లీషుకి ఏది మేలు?

ప్లస్ టూ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి పర్లాకిమిడిలో నన్ను అందరూ అడిగేది ఇదే. వైజాగ్‌లో కోచింగ్‌కి వెళ్ళే గుంటలు, హైదరాబాద్‌లో ఎవరో అన్నయ్య రూమ్‌లో దిగి జాబ్ వెతుక్కుందామనుకునేవాళ్ళు, గుణుపూర్‌లో ఇంజనీరింగ్ చదివేవాళ్ళు, పక్కనే పాతపట్నం వాళ్ళు కూడా. "అన్నా, యానిమేషన్ సినిమాలు చూస్తే మామూలుగా మాట్లాడే ఇంగ్లీషు వచ్చేస్తాదంట కదా, ఏది చూడమంటావ్?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే ఒక్కసారి కూర్చుని రాసేస్తున్నా, ఇకమీద అడిగినవాళ్ళకి ఇదే పంపించేస్తాను.

మామూలు హాలీవుడ్ సినిమా కాకుండా యానిమేషన్ ఎందుకు అన్నది మళ్ళీ చెప్పక్కర్లేదు. డైలాగులు స్టూడియోలో తీరిగ్గా రికార్డ్ చేస్తారు కాబట్టి మాట స్పష్టంగా ఉంటుంది, బూతులుండవు, అమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకుంటున్నా ధైర్యంగా చూడొచ్చు. సరే, ఎక్కువమంది అడిగేవి నాలుగు: ఫైండింగ్ నీమో (2003, 100 నిమిషాలు), ద ఇన్‌క్రెడిబుల్స్ (2004, 115 నిమిషాలు), ఇన్‌సైడ్ అవుట్ (2015, 95 నిమిషాలు), జూటోపియా (2016, 108 నిమిషాలు). నాలుగింటికీ బెస్ట్ యానిమేటెడ్ ఫీచర్ ఆస్కార్ వచ్చింది, కాబట్టి అవార్డు చూసి తేల్చేద్దాం అంటే కుదరదు.

ముందు ఒక చిక్కు విప్పాలి. "ఇన్‌ఫార్మల్ ఇంగ్లీషు" అని అందరూ ఒకే గోనెసంచిలో వేసేస్తారు గానీ అందులో మూడు రకాల సరుకుంది. ఒకటి, నోటి వేగం వల్ల మాటలు కలిసిపోవడం: గొన్నా, వాన్నా, గాటా, డన్నో, లెమ్మీ, కిండా. ఇవి మర్యాద తక్కువ మాటలేం కాదు, మనం "వెళ్తున్నాను" అని రాసి "వెళ్తన్నా" అనడం లాంటివే, పెద్ద ఆఫీసర్లూ అంటారు, టీవీ వార్తల్లో ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్ళూ అంటారు, మెయిల్‌లో రాయకపోతే చాలు. రెండోది, చనువు మాటలు: డూడ్, మై బ్యాడ్, నో బిగ్గీ, చిల్, కమాన్, హ్యాంగ్ ఇన్ దేర్. మూడోది, తిట్లూ వెక్కిరింతలూ: జెర్క్, డమ్, లూజర్, షట్ అప్. మొదటి రకం ఏ సినిమాలోనైనా దొరుకుతుంది, చెవికి అలవాటైతే చాలు, దానికోసం సినిమా ఎంచుకోవాల్సిన పనే లేదు. అసలు గొడవంతా రెండో రకం, మూడో రకంతోనే. ఎందుకంటే అవి ఎవరితో అనొచ్చు, ఎవరితో అనకూడదు అన్నది మాటలో రాసి ఉండదు.

మా పిన్ని కొడుకు సంగతి చెప్తాను. వాడు గోపాల్‌పూర్‌లో ఒక హోటల్లో రిసెప్షన్‌లో చేసేవాడు. ఇంగ్లీషు బాగానే పట్టుకున్నాడు, ఎక్కడా తడుముకోడు. ఒక పెద్దావిడ, విదేశీ గెస్టు, ఇంకో టవల్ అడిగింది, వీడు పరిగెత్తుకెళ్ళి తెచ్చిచ్చాడు, ఆవిడ థాంక్యూ అంది. వీడు నవ్వుతూ "నో ప్రాబ్లమ్, డూడ్" అన్నాడంట. ఆవిడ పాపం నవ్వేసింది. మేనేజర్ మాత్రం నవ్వలేదు, లోపలికి పిలిచాడు. వాడికి ఇప్పటికీ ఆశ్చర్యమే, "అన్నా, ఆ సినిమాలో తాబేలు అందర్నీ అలాగే పిలుస్తాది కదా" అంటాడు. వాడు చెప్పింది నిజమే. తాబేలు అలాగే పిలుస్తుంది. సినిమా వాడికి మాట నేర్పింది గానీ హద్దు చూపించలేదు.

ఒక విషయంలో ఆంధ్రా-ఒడిశా బోర్డర్ వాళ్ళం మనం అదృష్టవంతులం. ఇంట్లో తెలుగు, నువ్వు, మీరు. బడిలో, బజార్లో ఒడియా, అందులో మూడు మెట్లు: తు, తుమే, ఆపణ. చిన్నప్పట్నుంచీ ఎవరూ పాఠం చెప్పకుండానే ఎవరికి ఏది అనాలో మనకి నరాల్లోకెక్కిపోయింది, ఫ్రెండ్‌ని ఆపణ అంటే వాడు అలిగాడేమో అనుకుంటాడు, మేష్టర్ని తు అంటే ఇంక చెప్పక్కర్లేదు. అదే ఇంగ్లీషులో యూ ఒక్కటే. ప్రెసిడెంటుకీ యూ, కుక్కపిల్లకీ యూ. దాంతో మనవాళ్ళు ఏమనుకుంటారంటే ఇంగ్లీషులో మెట్లు లేవు, ఎవరితోనైనా ఎలాగైనా మాట్లాడొచ్చు అని. మెట్లు ఉన్నాయి బాబూ. యూ అన్న మాటలో కాకుండా దాని చుట్టుపక్కల మాటల్లో ఉన్నాయి, సర్ అన్నాడా పేరు పెట్టి పిలిచాడా, "గిమ్మీ" అన్నాడా "కుడ్ యూ" అన్నాడా, ఏ గొంతుతో అన్నాడు, అందులో.

అందుకే నా లెక్క ఒకటే. ఏ సినిమాలో ఒకే మనిషి (జంతువైనా సరే) నాలుగు రకాల వాళ్ళతో మాట్లాడుతుంటే మాట ఎలా మారుతుందో కనిపిస్తుందో, అది మేలు. ఎన్ని స్లాంగ్ మాటలున్నాయి అన్న లెక్క తర్వాత.

ఈ లెక్కతో నీమో చూద్దాం. నీమోకి మంచి మార్కులు పడేది డోరీ దగ్గర. ఆ నీలం చేపకి చెప్పింది చెప్పినట్టు మర్చిపోయే జబ్బు, అందుకని అడిగిందే అడుగుతుంది, చెప్పిందే చెప్తుంది, ఆ సిడ్నీ అడ్రస్ అయితే మనకే కంఠతా వచ్చేసేంతగా వల్లిస్తుంది. నేర్చుకునేవాడికి అంతకంటే ఏం కావాలి, రివైండ్ నొక్కక్కర్లేకుండా సినిమాయే రివైండ్ చేస్తోంది. అసలు ఇంగ్లీషు వినడమే కొత్త అయినవాళ్ళకి నేను ఇప్పటికీ ముందు నీమోయే చూడమంటాను. పైగా అందులో రెండు రకాల యాసలున్నాయి, ముఖ్యమైన చేపలవి అమెరికా యాస, పెలికాన్ పక్షి, పెద్ద సొరచేప, డెంటిస్ట్ వీళ్ళవి ఆస్ట్రేలియా యాస, చెవికి రెండూ తగుల్తాయి.

కానీ తాబేళ్ళ దగ్గరకొచ్చేసరికి తేడా కొడుతుంది. క్రష్ అనే ఆ తాబేలు వయసు 150 ఏళ్ళు, మాట్లాడేది అమెరికాలో అలల మీద సర్ఫింగ్ చేసే కుర్రాళ్ళ భాష. అప్పుడే పరిచయమైన మార్లిన్ (నీమో వాళ్ళ నాన్న చేప) డూడ్, సొంత కొడుకూ డూడ్. వినడానికి భలే హాయిగా ఉంటుంది, అందుకే మా గుంటలందరి నోట్లో ముందు అతుక్కునేది ఆ మాటే. "రైచస్" (అదిరిందిరా అని) లాంటి మాటలు కూడా అక్కడే దొరుకుతాయి, అవి వైజాగ్ కాల్ సెంటర్‌లో అంటే పక్కోడు నిన్ను ఎగాదిగా చూస్తాడు. ఇందులో తమాషా ఏంటంటే క్రష్ కొడుకు గడగడా ఏదో చెప్తుంటే ఇంగ్లీషు సొంత భాష అయిన మార్లిన్‌కే ఒక్క ముక్క అర్థం కాదు, నువ్వు ముద్దుగా ఉన్నావు గానీ నువ్వేమంటున్నావో తెలీట్లేదు అనేస్తాడు. చేపకే అర్థం కాని భాష పర్లాకిమిడిలో మనకెందుకు చెప్పండి.

అయినా న్యాయంగా చెప్పాలి, ఆ సీన్‌లోనే ఒక మంచి ముక్క ఉంది. మార్లిన్ ముందు మర్యాదగా "మిస్టర్ టర్టిల్" అంటాడు, తాబేలు అదేటి, మిస్టర్ టర్టిల్ అంటే మా నాన్న, నన్ను క్రష్ అను అంటాడు. ఇది బంగారం. ముందు మీరు గౌరవంగా పిలవండి, అవతలివాడు వద్దు పేరు పెట్టి పిలువు అంటే అప్పుడు దిగండి, బెంగళూరు ఆఫీసుల్లో జరిగేది అచ్చం ఇదే. కాకపోతే నూరు నిమిషాల సినిమాలో ఇలాంటిది కాసేపే, ఆ కాసేపట్లోనూ చూసేవాడి కన్ను తాబేలు ఈత మీద ఉంటుంది.

ఇన్‌క్రెడిబుల్స్ దగ్గర పోటీ గట్టిగా ఉంది, నిజానికి చాలా రోజులు నేను దీన్నే చెప్పేవాణ్ణి. బాబ్ అనే ఒకప్పటి సూపర్ హీరో ఇన్సూరెన్స్ కంపెనీలో చిన్న టేబుల్ దగ్గర ఇరుక్కుని కూర్చుని ఉద్యోగం చేస్తుంటాడు. అక్కడొక ముసలావిడ క్లెయిమ్ గురించి వస్తుంది. బాబ్ బయటికి వినపడేలా గట్టిగా, మర్యాదగా, సారీ మేడమ్ మేమేం చెయ్యలేం అన్నట్టు మాట్లాడతాడు, లోలోపల గొంతు తగ్గించి ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో చెప్పేస్తాడు. ఒకే నోరు, ఒకే మనిషితో, రెండు భాషలు. ఈ ఒక్క సీన్ పది సార్లు చూసినా తప్పు లేదు. తర్వాత పొట్టి బాస్ రూమ్ సీన్, ఆ బాస్ ప్రతి రెండు మాటలకీ ఒకసారి "బాబ్" అంటుంటాడు, పేరు పెట్టి పిలవడం అంటే స్నేహమే కానక్కర్లేదు, ఎదుటివాణ్ణి కుర్చీలో కుదేయడం కూడా అని అక్కడ తెలుస్తుంది. ఇంటికొస్తే భోజనాల దగ్గర అక్కా తమ్ముడూ ఒకరినొకరు దెప్పుకోవడం, అమ్మ కేకలు. కార్లో ఫ్రెండ్‌తో ఇంకో రకం. అన్నీ ఉన్నాయి.

ఎడ్నా అని ఒక డ్రెస్ డిజైనర్ ఉంటుంది, పొట్టిగా, గుండ్రటి కళ్ళజోడు, అందర్నీ డార్లింగ్ అంటుంది. మనకి డార్లింగ్ అంటే ప్రభాస్, ఆయన అంటే చెల్లుతుంది, ఎడ్నా అంటే చెల్లుతుంది, మీరు ఇంటర్వ్యూలో హెచ్ఆర్ మేడమ్‌ని అంటే చెల్లదు.

మరి దీన్ని ఎందుకు పక్కన పెట్టానంటే రెండు కారణాలు. సగం దాటాక మాటలు తగ్గి పరుగులు, పేలుళ్ళు ఎక్కువైపోతాయి, సినిమాగా అది బాగుంటుంది గానీ మన పనికి కాదు. రెండోది, బాబ్ నడివయసు మనిషి, పెళ్ళాం పిల్లలు, పదిహేనేళ్ళ సంసారం గొడవలు. పద్దెనిమిదేళ్ళ గుంటకి అందులో తన చోటు ఎక్కడా కనపడదు. చోటు కనపడకపోతే ఆ మాటలు నోటికి రావు, చూసి నవ్వుకుని వదిలేస్తారు, ఇది నేను మా వాళ్ళందరిలో చూశాను.

ఇన్‌సైడ్ అవుట్ గురించి ఎక్కువ చెప్పను. మిన్నెసోటా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మారిన పిల్ల, దాని బుర్రలో ఐదు భావాలు కూర్చుని పోట్లాడుకుంటుంటాయి. కోపం, దిగులు, చిరాకు చెప్పడానికి మాటలు కావాలంటే మంచిదే, తండ్రీ కూతుళ్ళు డైనింగ్ టేబుల్ దగ్గర గొడవపడే సీన్ మన ఇంట్లో జరిగినట్టే ఉంటుంది. కానీ సినిమాలో ఎక్కువ భాగం బుర్ర లోపలే జరుగుతుంది, అక్కడ వాడే మాటలు ఆ లోకం కోసం తయారైనవి, జ్ఞాపకాలు, దీవులు, గోళీలు. బయట వాడుకోడానికి తక్కువ మిగులుతుంది. 2024లో రెండో భాగం వచ్చింది, పదమూడేళ్ళ పిల్లల స్కూలు మాటలు అందులో ఎక్కువ, ఇంట్లో ఆ వయసు వాళ్ళుంటే వాళ్ళకి చూపించండి.

ఇప్పుడు జూటోపియా. కథ చూడండి ముందు. పల్లెటూళ్ళో కూరగాయలు పండించే కుందేళ్ళ ఇంటి పిల్ల జూడీ, రైలెక్కి సిటీకి పోయి పోలీస్ ఉద్యోగంలో చేరుతుంది. అమ్మా నాన్నా స్టేషన్‌కొచ్చి జాగ్రత్తలు చెప్పి ఏడుస్తారు. ఇరుకు రూమ్, గోడకి చెవి పెట్టక్కర్లేకుండానే పక్క గది వాళ్ళ గొడవ వినిపిస్తుంది. రాత్రి ఇంటి నుంచి వీడియో కాల్. విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగిన మన పిల్లకీ దీనికీ ఏటి తేడా? కుందేలు చెవులు తప్ప.

ఆ ఒక్క జూడీ ఎంతమందితో మాట్లాడుతుందో లెక్కేయండి. అమ్మానాన్నల దగ్గర గారాబం, సగం విసుగు, అన్నీ బాగున్నాయని అబద్ధం. చీఫ్ బోగో దగ్గర, అడవి దున్న, కొండంత మనిషి, ప్రతి మాటకీ సర్. అదీ భయపడి నోరు మూసుకునే సర్ కాదు, ఎదురు చెప్తూ సర్ అంటుంది, నన్ను పార్కింగ్ డ్యూటీలో వేశారేంటి సర్, నేను ఊరికే లెక్క కోసం పెట్టుకున్న కుందేల్ని కాను సర్ అని. మనవాళ్ళకి బాగా అవసరమైన ఇంగ్లీషు ఇదే. మనకి వినయం వచ్చు, పోట్లాటా వచ్చు, రెండూ ఒకే వాక్యంలో కలపడం రాదు. ఆ తర్వాత నిక్ అనే నక్క దగ్గర వేరే గొంతు, వెటకారానికి వెటకారం, మోసానికి మోసం, అక్కడ సర్ లేదు గిర్ లేదు.

ఇంకోటి, ఫ్రంట్ డెస్క్‌లో ఉండే లావుపాటి చిరుత ఆమెని చూడగానే క్యూట్ అంటాడు, మెచ్చుకోలుగానే. జూడీ కొంచెం ఇబ్బందిగా నవ్వుతూ చెప్తుంది, కుందేలు ఇంకో కుందేల్ని క్యూట్ అంటే పర్లేదు, వేరే జంతువు అంటే అదోలా ఉంటుంది అని. చిరుత వెంటనే నాలిక్కరుచుకుంటాడు. నా లెక్క మొత్తం ఆ అర నిమిషంలో ఉంది. మంచి మాటే, తిట్టు కూడా కాదు, అయినా ఎవరు ఎవరితో అంటున్నారన్నది చూసుకోవాలి. ఏ గ్రామర్ పుస్తకంలో ఉంది ఇది? గోపాల్‌పూర్ మేనేజర్ మా వాడికి లోపలికి పిలిచి చెప్పలేకపోయింది కూడా ఇదే.

అసలు దీన్ని పైన కూర్చోబెట్టింది మాత్రం ఇంకొకటి. నిక్ ఆమెని క్యారట్స్ అని పిలుస్తాడు. మొదట్లో అది వెక్కిరింత, పల్లెటూరి కుందేలువి, క్యారట్లు పండించుకునేదానివి అని. ఆమెకి ఒళ్ళు మండుతుంది. కథ నడిచేకొద్దీ వాళ్ళిద్దరూ ఒకరికొకరు సాయం చేసుకుంటారు, పోట్లాడుకుంటారు, విడిపోతారు, కలుస్తారు, చివరికొచ్చేసరికి కూడా అతను క్యారట్స్ అనే అంటాడు, ఇప్పుడు అదే మాట ముద్దు. మాట ఒక్క అక్షరం మారలేదు. బజార్లో ఎవడో ముక్కూమొహం తెలీనివాడు ఒరేయ్ అంటే కొట్టబోతాం, చిన్ననాటి స్నేహితుడు పదేళ్ళ తర్వాత ఒరేయ్ అని పిలవకపోతే బాధపడతాం కదా, అది ఇంగ్లీషులో ఎలా జరుగుతుందో ఇంత వివరంగా, ఒకే జంటతో, మొదట్నుంచీ చివరిదాకా చూపించింది ఈ నాలుగింటిలో ఇదొక్కటే. బాబ్ మాటలు మనిషిని బట్టి మారతాయి, ఒప్పుకుంటా. ఒకే మనిషితో రోజులు గడిచేకొద్దీ మాట బరువు ఎలా మారుతుందన్నది మాత్రం అక్కడ అంతగా లేదు.

ఆ తాబేలు డూడ్ కూడా ఇక్కడ సరైన చోట కనిపిస్తుంది చూడండి. జూడీని వాళ్ళ నాన్న ప్రాసకోసం "జూడ్ ద డూడ్" అంటాడు. నాన్న, కూతురు, ఇంటి దగ్గర. అదే మాట చీఫ్ బోగో నోట రాదు, బోగోతో జూడీ అనదు. తిట్ల సంగతి కూడా, చిన్నప్పుడు జూడీని ఏడిపించిన నక్క పెద్దయ్యాక ఎదురుపడి, నేను పెద్ద జెర్క్‌ని అని తనని తానే తిట్టుకుని క్షమాపణ అడుగుతాడు. మూడో రకం మాటల్ని మీ మీద మీరు వేసుకుంటే సేఫ్, ఎదుటివాళ్ళ మీద వేసే ముందు మాత్రం వంద సార్లు ఆలోచించాలి.

దీనికీ ఇబ్బందులు లేకపోలేదు. నిక్ గడగడా మాట్లాడతాడు, మొదటిసారి సగం పోతుంది. పోలీసు మాటలు కొన్ని అడ్డం పడతాయి. జంతువుల మీద వేసిన జోకులు, కుందేళ్ళకి హెచ్చవేత బాగా వచ్చు లాంటివి, వెంటనే వెలగవు. మాఫియా సినిమాల పేరడీ ఒకటుంది, అసలు సినిమా చూడనివాళ్ళకి ఆ ఎలుక పెద్దమనిషి ఎందుకంత నెమ్మదిగా గొణుగుతున్నాడో అర్థం కాదు. దీనికి బదులుగా డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో స్లాత్ (మహా నిదానంగా కదిలే జంతువు) సీన్ ఉంది, ఒక్కో మాటకీ మధ్యలో టీ తాగి రావొచ్చు, ఇంగ్లీషు ఒక్క ముక్క రానివాడికి కూడా ఆ సీన్ మొత్తం అర్థమైపోతుంది.

మా ఊళ్ళో ఈ విషయం మాట్లాడుతూ గిడుగు రామమూర్తి గారిని తలుచుకోకుండా ఉండలేను. 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో మేష్టరుగా చేరినాయన, పుస్తకాల తెలుగు కాదు జనం మాట్లాడే తెలుగు కావాలని కొట్లాడినాయన, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆయన పుట్టినరోజుకే. ఆయన సవర భాష ఎలా నేర్చుకున్నారో తెలుసు కదా, తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకాయన్ని ఇంట్లో పెట్టుకుని మరీ. అప్పటికి నేర్చుకోడానికి సవర పుస్తకాలు లేవు మరి. మాట్లాడే మనిషి పక్కనుంటే మాటతో పాటు ఆ మాట ఎప్పుడు అంటారో కూడా వస్తుంది. మనకి ఇంట్లో పెట్టుకోడానికి ఇంగ్లీషాయన దొరకడు, కుందేలూ నక్కా దొరికాయి.

ఇక సబ్‌టైటిల్స్. ఇది కూడా అందరూ అడిగేదే. తెలుగు సబ్‌టైటిల్ గానీ హిందీ గానీ పెడితే కన్ను అది చదువుకుంటూ పోతుంది, చెవి సెలవు తీసుకుంటుంది. ఇంగ్లీషు ఆడియో, ఇంగ్లీషు సబ్‌టైటిల్, ఇంతే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కింద రాసింది, పైన పలికింది ఒక్కోసారి వేరుగా ఉంటాయి, జాగా చాలక కుదించేస్తారు, అలాంటప్పుడు చెవిని నమ్మండి. నచ్చిన సీన్‌ని తర్వాత సబ్‌టైటిల్ తీసేసి ఇంకోసారి. తెలుగు డబ్బింగ్ చూసి కథ తెలుసుకుని అప్పుడు ఇంగ్లీషు చూస్తామంటే వద్దనను, కానీ డబ్బింగ్‌లో జోకులు మనకి తగ్గట్టు మార్చేస్తారు. 2019 లయన్ కింగ్ తెలుగులో పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ గొంతు ఇచ్చారు, మనం నవ్వింది వాళ్ళిద్దరికి, అక్కడ ఇంగ్లీషులో ఏమన్నారో దానికి కాదు.

చూసేటప్పుడు నోట్‌బుక్ దగ్గర పెట్టుకోమంటాను, మాట, అర్థం అని రెండు గళ్ళు గీసి నింపేసే పద్ధతి మాత్రం వద్దు. మాట రాయండి, పక్కన ఎవరు ఎవరితో అన్నారో రాయండి, ఆ తర్వాత ఒడియాలో ఆలోచించి ఒక గుర్తు పెట్టండి, తు, తుమే, ఆపణ. తెలుగులో రెండు మెట్లే కాబట్టి మధ్యది దొరకదు, ఒడియాలో దొరుకుతుంది, ఇది శ్రీకాకుళం వాళ్ళకి లేని సౌకర్యం. "నాక్ ఇట్ ఆఫ్", గోల ఆపు అని, అది తు. "హ్యాంగ్ ఆన్", "గివ్ మీ ఎ సెకండ్", తుమే, ఆఫీసులో పక్క సీటు వాళ్ళతో పర్లేదు. "వుడ్ యూ మైండ్" అని మొదలైతే ఆపణ, కళ్ళు మూసుకుని ఎవరితోనైనా అనొచ్చు. "మై బ్యాడ్" ఉంది చూశారా, అది చిన్న పొరపాటుకి, సమానమైనవాళ్ళ మధ్య, తుమే. క్లయింట్ ఫైల్ డిలీట్ చేసేసి బాస్ దగ్గరకెళ్ళి మై బ్యాడ్ అనకండి, అక్కడ నిండుగా ఐ యామ్ సారీ చెప్పి ఆ తర్వాత సర్ అని ఆగండి. ఏ గుర్తు పెట్టాలో తేలకపోతే ఆ మాట వినడానికి మాత్రమే ఉంచుకోండి, అనడానికి వద్దు. విని అర్థం చేసుకోవాల్సిన మాటలు ఎప్పుడూ అనాల్సిన మాటలకంటే చాలా ఎక్కువే ఉంటాయి.

జూటోపియా మొత్తం ఒక్కరోజే కూర్చుని చూడక్కర్లేదు. సినిమాగా ఒకసారి చూసేయండి, తర్వాత ముక్కలు: వీడియో కాల్, బోగో రూమ్, చిరుతతో క్యూట్ గొడవ, నిక్‌తో మొదటి పోట్లాట, ఇవి నాలుగు చాలు చాలా రోజులకి. పక్కన ఒకళ్ళుంటే ఇంకా మంచిది, ఒకళ్ళు నిక్, ఒకళ్ళు జూడీ. నౌపడా-గుణుపూర్ రైల్లో ఇద్దరు కుర్రాళ్ళు ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని ఇలాగే చెప్పుకోవడం చూశాను, ఎదురు సీట్లో ముసలాయన వాళ్ళు నిజంగానే కొట్టుకుంటున్నారనుకుని విడదీయడానికి మధ్యలో దూరాడు. రెండో భాగం 2025 నవంబర్‌లో వచ్చింది, మొదటిది నలిగాక అది.

మిగిలినవి అడిగారు కాబట్టి. ష్రెక్ (2001), హీరోది స్కాట్లండ్ యాస, గాడిద ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది, జోకులన్నీ వాళ్ళ చందమామ కథల మీద, ఇప్పుడే వద్దు. కుంగ్ ఫూ పాండా (2008) సరదాగా ఉంటుంది, పాండాకి అన్నీ ఆసమ్ గానే కనిపిస్తాయి కాబట్టి ఆ ఒక్క మాట బాగా వస్తుంది, "స్కడూష్" అన్నది మాత్రం డిక్షనరీలో వెతక్కండి, అది పాండా సొంతం. చిన్నపిల్లలకి పెప్పా పిగ్, బ్లూయీ రెండూ మంచివే, ఒకటి బ్రిటన్‌ది ఐదు నిమిషాలు, ఇంకోటి ఆస్ట్రేలియాది ఏడు నిమిషాలు, బ్లూయీలో ఇంటి మాటలు ఎంత సహజంగా ఉంటాయంటే పెద్దవాళ్ళు కూడా పిల్లల వంకతో చూసేయొచ్చు, కాకపోతే అందులో ఆఫీసు లేదు, బాస్ లేడు.

మినియన్స్ చూడొచ్చా అని ఒకడు సీరియస్‌గా అడిగాడు. చూడు బాబూ, నవ్వుకో, కానీ ఆ పసుపు గుంటలు మాట్లాడేది ఇంగ్లీషే కాదు.